పేరుకే డైరెక్టరు



పోయిన నెల ఒక శుక్రవారం ఆరాధన ముగిశాక రువీలో చర్చి ప్రాంగణంలో టీ తాగుతూ నిలబడి ఉంటే, మన సహవాసంలోని ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. ఊళ్లో వాళ్ల బావగారు కంపెనీ పెడుతున్నారట. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి కాబట్టి రెండో పేరుగా ఇతన్ని అడిగారట. "డబ్బు పెట్టక్కర్లేదు, పని చేయక్కర్లేదు, పేరుకే అన్నా. సంతకం పెడితే పోయేదేముంది? పెట్టకపోతే అక్కకు మాట వస్తుంది" అన్నాడు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "ఇందులో పాపం ఏమైనా ఉందంటారా?" అని అడిగాడు.

అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. పిల్లలు కారు దగ్గర ఎదురుచూస్తున్నారన్నది ఒక సాకు. అసలు కారణం వేరు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నా సంగతి నేను చెప్పుకోవాలి. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నేను లాయర్ని కాదు, ఆడిటర్ని కాదు. సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాణ్ణి. మీ వ్యవహారంలో చట్టం ఏమంటుందో తెలిసినవాళ్లనే అడగండి. నేను మీ ముందు పెట్టేది ఆ తమ్ముడి ప్రశ్నే. ఎవరికీ నష్టం చేయాలన్న ఉద్దేశం లేకుండా, ప్రేమతో, మొహమాటంతో, చూడని దాని కింద సంతకం పెడితే అది అబద్ధమేనా?

2012లో నేను ఎం.సి.ఎ. పూర్తి చేసి హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో ఉన్నాను. మా పెదనాన్నగారి అబ్బాయి అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ లాంటిది మొదలుపెడుతూ, "తమ్ముడూ, రెండో పేరు నీది పెడుతున్నా" అన్నాడు. ఒక సాయంత్రం ఇరానీ హోటల్లో కూర్చుని పది పన్నెండు చోట్ల సంతకాలు పెట్టాను. ఒక్క కాగితం కూడా చదవలేదు. చదివితే అన్నయ్యను అనుమానించినట్టు ఉంటుందనిపించింది. ఆ రోజు బిరియానీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు. 2014లో ఇక్కడికి, మస్కట్‌కు వచ్చేశాను. ఆ కంపెనీ ఉందన్న సంగతే మరచిపోయాను.

2017 సెప్టెంబరులో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ ఒక జాబితా విడుదల చేసింది. వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు లెక్కలు గానీ వార్షిక రిటర్నులు గానీ దాఖలు చేయని కంపెనీల డైరెక్టర్లు 2013 కంపెనీల చట్టం 164వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లపాటు అనర్హులు. ఆ దెబ్బకు రెండు లక్షలకు పైగా కంపెనీలను రిజిస్టరు నుంచి కొట్టేశారు, మూడు లక్షల మందికి పైగా డైరెక్టర్లు అనర్హులయ్యారు. వాళ్లలో నేనొకణ్ణి. నా అనర్హత 2021 అక్టోబరు దాకా ఉంది. 2018 మొదట్లో ప్రభుత్వం 30 వేల రూపాయల రుసుముతో ఆలస్యాన్ని మన్నించే పథకం పెట్టింది. అప్పటికే కొట్టేసిన మా కంపెనీ లాంటివాటికి అది నేరుగా అక్కరకు రాలేదు. ముందు ట్రిబ్యునల్‌కు వెళ్లి కంపెనీని మళ్లీ బతికించుకోవాలి. చాలామంది హైకోర్టులకు వెళ్లారు. నేను వెళ్లలేదు. నాకు డైరెక్టరుగా ఉండే అవసరమేముంది అనుకున్నాను.

అంతటితో పోతే ఇది కాగితాల గొడవే. కానీ ఆ నెలలోనే ఒక రాత్రి నా వాట్సాప్‌కు ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మా అన్నయ్య సెంటర్లో పనిచేసిందట. సెంటర్ మూసేటప్పుడు మూడు నెలల జీతం ఎగ్గొట్టారట. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో డైరెక్టర్ల పేర్లు చూసి, ఎవరెవరినో అడిగి నా నంబరు సంపాదించింది. "సార్, మీరు డైరెక్టర్ కదా సార్" అంది. నేను నిజమే చెప్పాను. "నాకేం తెలియదమ్మా, నేను పేరుకే."

ఆ అమ్మాయి కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఇద్దరు డైరెక్టర్లున్నారని చూసే చేరాను సార్" అని ఫోన్ పెట్టేసింది. అన్నయ్యను అడిగితే, "అదంతా నేను చూసుకుంటాను, నువ్వు పట్టించుకోకు" అన్నాడు. నేను పట్టించుకోలేదు. ఏడాది తర్వాత మనసు ఊరుకోక ఆ నంబరుకు ఫోన్ చేస్తే అది వేరేవాళ్ల దగ్గర ఉంది.

నేనామెకు చెప్పిన మాట నిజం. కానీ ఆ మాట నిజమైతే, అయిదేళ్లుగా వెబ్‌సైట్‌లో నా పేరు చెబుతున్నది అబద్ధమన్నమాట. అది ఎవరి అబద్ధం? అన్నయ్యది కాదు. సంతకం నాది.

చట్టం ఇద్దరు ఎందుకు ఉండాలంటుందో అప్పుడు ఆలోచించాను. మోషే ధర్మశాస్త్రం మనకు తెలుసు. ఒక్క సాక్షి మాట మీద ఎవరి మీదా నేరం స్థిరపరచకూడదు, ఇద్దరో ముగ్గురో ఉండాలి. ఒకరు పొరబడవచ్చు, ఒకరు అమ్ముడుపోవచ్చు. రెండో మనిషి వేరే చోట నిలబడి, వేరే కళ్లతో చూసినవాడై ఉండాలి. ఆ రెండోవాడు "మొదటాయన ఏది చెబితే నాదీ అదే" అంటే అక్కడ ఉన్నది ఒకే సాక్షి. లెక్కకు మాత్రం ఇద్దరు. కంపెనీ అనేది మనిషి కాదు. అది అప్పు చేస్తుంది, జీతాలిస్తుంది, అడ్వాన్సులు తీసుకుంటుంది. కానీ దానికి మనస్సాక్షి లేదు, అందుకని చట్టం దానికి కొందరు మనుషుల మనస్సాక్షిని అరువు తెచ్చి పెడుతుంది. నేను పేరు అరువిచ్చి, మనస్సాక్షిని మస్కట్ తెచ్చేసుకున్నాను.

"ఇవి చిన్న కంపెనీల సంగతులు, పెద్దచోట్ల పద్ధతులుంటాయి" అని మీరనవచ్చు. మన తెలుగువాళ్లకు అలా అనుకునే హక్కు 2009 జనవరి 7న పోయింది. ఆ రోజు నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. హాస్టల్ టీవీ ముందు నిలబడ్డ మాలో సగం మందికి సత్యం కంప్యూటర్స్‌లో ఉద్యోగమే జీవిత లక్ష్యం. 1987లో హైదరాబాద్‌లో మొదలై 50 వేల మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీ. ఆ ఉదయం చైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలుగా చూపించిన 5,361 కోట్ల రూపాయల్లో 5,040 కోట్లు అసలు లేవని ఆయనే రాశారు. లేని డబ్బు మీద వడ్డీ కూడా వచ్చినట్టు చూపించారు. మొదట చిన్నగా ఉన్న తేడా ఏటేటా పెరిగి, దిగలేని పులిస్వారీ అయిపోయిందన్నారు. ఆ ఒక్కరోజే షేరు విలువ నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. మా వీధిలో ఒక అన్నయ్యకు సత్యం ఉద్యోగం చూసి కుదిరిన సంబంధం ఆ వారమే వెనక్కి పోయింది. కంపెనీ పేరేమో సత్యం. దాని మీద ఆ రోజుల్లో ఎన్ని జోకులు వచ్చాయో, మనలో చాలామందిమి అందులో భాగస్థులమే.

ఆ బోర్డులో కూర్చున్నవాళ్లు సామాన్యులు కారు. హార్వర్డ్ ప్రొఫెసర్ ఒకరు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఒకరు, కేంద్రంలో కేబినెట్ కార్యదర్శిగా చేసిన ఐ.ఎ.ఎస్. అధికారి ఒకరు, పెంటియం చిప్ పేరుతో ప్రపంచమంతా తెలిసిన ఇంజనీరు ఒకరు. 2008లో ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌లో శ్రేష్ఠతకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి. 2008 డిసెంబరు 16న చైర్మన్ కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి అదే బోర్డు సరేనంది. మేటాస్ అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో వెనక నుంచి చదవండి, సత్యం అని వస్తుంది. వాటాదార్లు గగ్గోలు పెట్టడంతో కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. అడగాల్సింది బోర్డు, అడిగినవాళ్లు బయటివాళ్లు.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల చొప్పున శిక్ష వేసింది. మరుసటి నెల పై కోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది. ఆ పదిమందిలో స్వతంత్ర డైరెక్టర్లు ఒక్కరూ లేరు. వాళ్ల ముందుకు వచ్చిన కాగితాలే దొంగవి. బ్యాంకు డిపాజిట్ రసీదులు కల్పించినవి. సీబీఐ లెక్కలో 7 వేలకు పైగా ఇన్వాయిస్‌లు బోగస్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రత్యేకమైన లాగిన్‌తో వాటిని మిగతా ఉద్యోగులకు కనబడకుండా దాచారు. మా వృత్తివాళ్లు దీని గురించి ఎక్కువ మాట్లాడరు గానీ, ఆ లాగిన్ సదుపాయాన్ని ఎవరో ఒక ప్రోగ్రామర్ కూర్చుని రాసి ఉంటాడు కదా. అతనికీ ఎవరో "పేరుకే, అవసరానికి" అని చెప్పే ఉంటారు.

కాబట్టి ఆ పెద్దలు మోసగాళ్లని నేననడం లేదు. మోసపోయారు. కానీ వేరే చోట నిలబడి చూడటం కోసమే వాళ్లను అక్కడ కూర్చోబెట్టారు. వాళ్లు చూసింది మాత్రం చైర్మన్ చూపించిన కిటికీలోంచే. ఒక వాటాదారుడు ఆ పేర్లు చదివి, ఇంతమంది పెద్దలు చూస్తున్నారులే అని ధైర్యంగా డబ్బు పెట్టాడు. అమీర్‌పేటలో ఆ అమ్మాయి నా పేరు చదివి ఉద్యోగంలో చేరింది. మొత్తాలు వేరు, జరిగింది ఒకటే.

సత్యం తర్వాత వచ్చిన 2013 చట్టం ఈ విషయాన్ని మాటల్లో పెట్టింది. డైరెక్టరు తగినంత జాగ్రత్తతో, నైపుణ్యంతో, తన సొంత బుద్ధితో పని చేయాలని 166వ సెక్షన్. నాకు మరింత గుచ్చుకున్నది 149వ సెక్షన్‌లో పన్నెండో ఉపసెక్షన్. స్వతంత్ర డైరెక్టరుకు బాధ్యత ఎప్పుడంటే, బోర్డు వ్యవహారాల ద్వారా తనకు తెలిసి, తన సమ్మతితోనో కుమ్మక్కుతోనో జరిగినప్పుడు, లేదా తాను శ్రద్ధ చూపనప్పుడు. ఆ చివరి ముక్క చూడండి. నాకు తెలియదు అంటే సరిపోదు, తెలుసుకోవడానికి ఏం చేశావు అని కూడా చట్టం అడుగుతుంది. 

మీరు అననీయ సప్పీరాల సంగతి తలచుకుంటూ ఉండవచ్చు. నాకు ఆ అధ్యాయంలో ఎప్పుడూ సప్పీరా దగ్గరే ఆగబుద్ధేస్తుంది. పొలం అమ్మింది, డబ్బు దాచింది భర్తతో కలిసే, ఆమెకూ తెలుసు. అయినా పేతురు ఆమెను విడిగా అడిగాడు. ఇంతకేనా అమ్మారు అని. అంటే ఆమెకు రెండో సాక్షిగా నిలబడే అవకాశం దొరికింది. ఆమె భర్త మాటే తిరిగి చెప్పింది. ఆ ప్రశ్న ఆమెను పట్టుకోవడానికి వేసిన వల అని చిన్నప్పుడు సండే స్కూల్లో అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనిపించదు.

"అయితే మనవాళ్లను నమ్మకూడదా?" అన్నది అసలు అడ్డంకి. మన ఇళ్లలో సంతకం అడగటం ప్రేమ, పెట్టడం ప్రేమ. చదివి పెడతాను అంటే ముఖం మారుతుంది. దీన్ని తేలిగ్గా తీసేయలేను. నమ్మకం మీద నడిచే సంబంధాలు లేకపోతే ఈ ఎడారిలో మనం ఒకరికొకరం ఏమవుతాం? ఫ్లాట్ అడ్వాన్సు కోసం నాకు చేబదులిచ్చిన సహోదరుడు నోటు రాయించుకోలేదు.

కానీ పౌలు చేసింది చూడండి. యెరూషలేము పరిశుద్ధుల కోసం కానుకలు పోగు చేసినప్పుడు ఆయన ఒక్కడే పట్టుకెళ్లవచ్చు, కాదనేవాళ్లు లేరు. అయినా సంఘాలు ఏర్పరచినవాళ్లను వెంట ఉంచుకున్నాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తమ మీద తప్పు మోపకూడదని, ప్రభువు దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా సరిగా ఉండాలని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో చెప్పుకున్నాడు. పక్కన మనిషి ఉండటం తనను అవమానించినట్టు ఆయన అనుకోలేదు, తానే కోరుకున్నాడు. నాకు ఇక్కడ దారి కనిపించింది. నమ్మకమున్న చోట చూపించడానికి జంకు ఉండదు. చూస్తాను అంటే ముఖం మారిందంటే, అక్కడ అడుగుతున్నది నమ్మకాన్ని కాదేమో.

ఒక మాట పక్కకు. మన సహవాసాల నుంచి ఊళ్లో మందిరాల కట్టడానికి, అనాథ పిల్లల గృహాలకు డబ్బు పంపుతాం. ఆ సొసైటీలో, ట్రస్టులో, సెక్షన్ 8 కంపెనీలో బోర్డు సభ్యుల పేర్లు ఎప్పుడైనా అడిగామా? సేవకుడు, ఆయన సతీమణి, అల్లుడు, ఇంకో ఇద్దరు "పేరుకే" పెద్దలు. అందరూ మంచివాళ్లే కావచ్చు. లెక్కల వరకు అక్కడ ఉన్నది మాత్రం ఒకే సాక్షి. మనం ఇక్కడినుంచి పంపిన రియాళ్లకు మనం కూడా పేరుకే దాతలం.

ఒమన్‌లో ఉన్నవాళ్లకు ఈ "పేరుకే" కొత్తేమీ కాదు. 2020 జనవరిలో కొత్త విదేశీ పెట్టుబడి చట్టం అమల్లోకి వచ్చేదాకా సాధారణంగా వ్యాపారంలో కొంత వాటా ఒమనీ భాగస్వామి పేరున ఉండాల్సిందే. నిజంగా కలిసి వ్యాపారం చేసినవాళ్లున్నారు. బోర్డు మీద ఒక పేరు, లోపల వేరొకరి వ్యాపారం, నెలకింతని ఇచ్చుకునే ఒప్పందం, అలాంటివీ ఉన్నాయి. ఇక్కడ దాన్ని తసత్తుర్ అంటారు, మరుగుపరచుకోవడం అని అర్థం. 2023లో వాణిజ్య మంత్రిత్వ శాఖ దాని మీద ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. కంపెనీల పాలనకు నియమావళి రాసుకోవడంలో గల్ఫ్‌లో మొదటి దేశం కూడా ఒమనే, 2002లో. అంటే ఏ దేశం వాళ్లకైనా ఉన్న రోగమే ఇది. మందు రాసుకున్నంత మాత్రాన తగ్గేది కూడా కాదు.

ఇక ఆ తమ్ముడికి నా జవాబు. బావగారు ఊళ్లో ఉండి ఒంటరిగా చేసుకునే వ్యాపారమైతే ఒకే మనిషితో కంపెనీ పెట్టుకునే వీలు 2013 చట్టంలోనే ఉంది. చట్టం తలుపు తెరిచిన చోట లేని రెండో మనిషిని సృష్టించడం ఎందుకు? కాదు, ఇద్దరు కావాల్సిందే అంటే, సంతకానికి ముందు ఒక్కటే అడుగు. "బావగారూ, బ్యాంకు ఖాతా నాకూ కనబడుతుందా?" సరే అంటే, నెలకోసారి నిజంగా చూడు. మూడు నెలలు చూడకపోతే రాజీనామా ఇచ్చెయ్. దానికీ ఒక ఫారం ఉంది. అక్కకు మాట వస్తే నువ్వే వెళ్లి మాట్లాడు. కష్టమే. నాకు 2012లో అంత ధైర్యం లేదు.

ఇంతటితో ముగించి ఉంటే మీరు నన్ను మంచివాడనుకునేవారు. మిగిలింది కూడా చెప్పాలి.

నా అనర్హత తీరాక, నంబరు మళ్లీ పనిచేసేలా చేసుకోవడానికి కొంత తిరిగి, 2022లో నేనే ఒక చిన్న కంపెనీ పెట్టాను. తెనాలిలో నలుగురు కుర్రాళ్లు, సాఫ్ట్‌వేర్ సపోర్టు పని. ప్రతి కంపెనీకీ ఏడాదిలో కనీసం 182 రోజులు భారతదేశంలో ఉండే డైరెక్టరు ఒకరుండాలని చట్టం. మేమంతా ఇక్కడే కాబట్టి రెండో పేరు మా నాన్నది. రిటైరైన లెక్కల మాస్టారు. ఫోన్లో, "నాన్నా, పేరుకే" అన్నాను. అవును, అదే మాట. ఆయన, "నీ కోసం కాకపోతే ఎవరి కోసం రా" అన్నారు.

మరుసటి సెలవుల్లో ఆడిటర్ గారి ఆఫీసుకు వెళ్లాను. పేరు చెప్పను, మంచి మనిషే, ఎక్కడైనా జరిగేదే. ఏదో ఫైలు కోసం ఆయన సొరుగు తెరిచారు. లోపల స్వీటు డబ్బా నిండా డిజిటల్ సంతకాల టోకెన్లు. చిన్న పెన్‌డ్రైవుల్లాంటివి, ఒక్కొక్క దాని చుట్టూ ప్లాస్టరు, దాని మీద బాల్‌పెన్నుతో మనిషి పేరు, కింద పాస్‌వర్డు. వాటిలో మా నాన్న పేరు కనబడింది.

నేను ఉద్యోగంలో చేసే పని ఏమిటో తెలుసా? సెక్యూరిటీ. డిజిటల్ సంతకం గొప్పతనమంతా ఒక్కదానిలో ఉందని కొత్తవాళ్లకు పాఠం చెబుతాను. తాళంచెవి సంతకందారు చేతిలోనే ఉంటుంది, అందుకే తర్వాత "నేను పెట్టలేదు" అనడానికి వీలుండదు. దాన్ని జాగ్రత్తగా తన అధీనంలో ఉంచుకోవడం సంతకందారు బాధ్యతని 2000 నాటి ఐటీ చట్టం కూడా చెబుతుంది. ముప్పై ఏళ్లు పిల్లల సమాధాన పత్రాలు రెండేసిసార్లు దిద్దిన మనిషి తాళంచెవి స్వీటు డబ్బాలో ఉంది. పెట్టించింది నేను.

ఇంకా ఉంది. ఫైల్లో మా బోర్డు మీటింగుల మినిట్స్ ఉన్నాయి. మా లాంటి చిన్న కంపెనీకి ఆరునెలలకు ఒకటైనా మీటింగు జరగాలి. ఫలానా తేదీ ఉదయం పదకొండు గంటలకు రిజిస్టర్డ్ ఆఫీసులో డైరెక్టర్లు సమావేశమయ్యారని, అధ్యక్షుడు స్వాగతం పలికారని, లెక్కలు సుదీర్ఘంగా చర్చించి ఆమోదించారని, వందన సమర్పణతో ముగిసిందని రాసి ఉంది. ఆ తేదీన నేను గాలాలో ఆఫీసులో ఉన్నాను. నాన్న పొలం దగ్గర. ఎవరూ ఎవరికీ స్వాగతం పలకలేదు. తెలుగుదేశం నలుమూలలా ఆడిటర్ల కంప్యూటర్లలో ఈ ఒక్క నమూనానే తేదీలు మార్చుకుని తిరుగుతుంటుందని నా అనుమానం. చిన్నదే. ఎవరి జీతమూ ఎగ్గొట్టలేదు. కానీ తొమ్మిదో ఆజ్ఞను ఒక కాగితం మీద ఇంత శుభ్రంగా, పేరా నంబర్లతో సహా మీరడం ఇంకెక్కడా చూడలేదు.

టోకెన్ జేబులో వేసుకుని నాన్నకిచ్చాను. జరిగిందంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అయితే మీటింగు పెట్టు" అన్నారు. వీడియోలో కలిసినా మీటింగే అని చట్టం ఒప్పుకుంటుంది, ఇద్దరుంటే కోరం సరిపోతుంది.

మొదటి మీటింగు ఇక్కడ సాయంత్రం ఆరున్నరకు, అక్కడ ఎనిమిదికి. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. ముందు ప్రార్థన చేశారు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, ముందురోజు నేను పంపిన లెక్కల ప్రింటు మీద ఎర్ర పెన్నుతో ఒక్కో వరుసా దాటుతూ వచ్చారు. జీతాలు, అద్దె, కరెంటు, ఇంటర్నెట్. ప్రయాణ ఖర్చుల దగ్గర పెన్ను ఆగింది.

"ఇదేంట్రా, డిసెంబరులో మస్కట్ నుంచి హైదరాబాదుకు నాలుగు టిక్కెట్లు?"

"కంపెనీ పని మీద నాన్నా."

"నలుగురూ పని మీదే వచ్చారా? చిన్నదానికి నాలుగేళ్లు గదరా."

అది క్రిస్మస్ ప్రయాణం. అందరూ అలాగే రాస్తారు, ఆడిటర్ గారు కూడా ఏమీ అనలేదు, పన్ను కాస్త తగ్గుతుంది. ఇవన్నీ నోటిదాకా వచ్చాయి. తెర మీద నాన్న పెన్ను పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నారు, బడిలో పిల్లల కోసం చూసినట్టే. అది మా సొంత ఖర్చని, ఆ డబ్బు కంపెనీకి తిరిగి కట్టేస్తానని చెప్పాను.

"సరే. మినిట్స్‌లో రాయి" అన్నారు. నేను ఇంగ్లీషులో టైపు చేయబోతుంటే ఆపి, "తెలుగులో కూడా రాయరా, నేను చదివి సంతకం పెడతా" అన్నారు.